మాట చేసే పనులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన కథా వారం కిందట అందాయి. కథను మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిలు చేతపట్టి చదివాను కాబట్టి జవాబు ఇంత ఆలస్యమైంది. కథ విన్న పెద్దమనిషి ఒకరు "భాష బీదగా ఉందమ్మా" అన్నారనీ, ఆనాటి నుంచి రోజుకు పది మాటల చొప్పున శబ్దరత్నాకరం బట్టీపడుతున్నాననీ రాశావు. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో మనకిచ్చిన ఆ నిఘంటువు మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. నా బల్ల మీద ఈనాటికీ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అయితే నీ కథకు వచ్చిన జబ్బు ఆ మందుతో తగ్గేది కాదు. నీకు మాటల కరవు లేదు. ఉన్న మాటలన్నిటి చేతా నువ్వు ఒకే చాకిరీ చేయిస్తున్నావు.

నీ కథలో మగ్గం అమ్ముకున్న తండ్రి, హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు, ఆ ఇద్దరి మధ్య నలిగే తల్లి ఉన్నారు. కొడుకు "మీరు మగ్గం అమ్మేయడం నాకు చాలా బాధగా ఉంది నాన్నా" అంటాడు. తండ్రి "కూలి గిట్టక అమ్మాను, నాకు మాత్రం బాధగా లేదా?" అంటాడు. తల్లి "ఇంట్లో బియ్యం అయిపోయాయి, ఇప్పుడైనా గొడవ మానండి" అంటుంది. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ముగ్గురూ ఎవరి ఎదుటో నిలబడి వాంగ్మూలం ఇస్తున్నట్టుంది. నోరు తెరిచిన ప్రతిసారీ ఒకరికొకరు సమాచారం అందించుకోవడం తప్ప వాళ్లు మరేమీ చేయడం లేదు.

మాట ఎన్ని పనులు చేయగలదో తెలియాలంటే ముందు మన నుడికారాన్నే అడుగు. దారిలో కనబడ్డవాడితో మాట కలుపుతాం. అవసరానికి మాట ఇస్తాం, ఆ తర్వాత నిలబెట్టుకుంటాం లేదా తప్పుతాం. కోపం వస్తే ఒకరిని మాట అంటాం, రోజు బాగాలేకపోతే ఒకరి చేత మాట పడతాం. "వాడు నా మాట వినడం లేదు" అని తల్లి మొరపెట్టుకుంటే ఎవరూ పిల్లవాడిని చెవి వైద్యుడి దగ్గరకు తీసుకుపోరు. ఇష్టంలేని సంగతి వచ్చినప్పుడు మాట దాటవేస్తాం, మారాం చేసే పిల్లను మాటల్లో పెడతాం, రాకపోయినా ఫరవాలేదనుకున్నవాళ్లను మాటవరసకు పిలుస్తాం. ఇన్ని వాడుకలున్నా, వీటిలో సమాచారం చేరవేయడమన్నది దాదాపు ఎక్కడా లేదు చూడు.

రష్యాలో పుట్టి చివరకు అమెరికాలో స్థిరపడ్డ భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్, 1960లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ పనులను ఆరుగా విడదీశాడు. విషయం తెలియజేయడం, చెప్పేవాడి మనసు బయటపెట్టడం, వినేవాడి చేత ఏదో చేయించడం, ఇద్దరి మధ్య దారి మూసుకుపోకుండా చూడడం, భాషను గురించే మాట్లాడుకోవడం, మాట తన సొంత రూపం మీదికే మన దృష్టిని లాక్కోవడం. ఒక వాక్యం వీటిలో ఒక్కటే చేస్తుందని ఆయన అనలేదు. అన్నీ కలిసే ఉంటాయనీ, వాటిలో ఏది పెత్తనం చేస్తోందన్నదే చూడాలనీ అన్నాడు. పరీక్షలు రాసేవాళ్లకు ఆరూ కావాలి. నీ కథకు వాటిలో నాలుగోది అత్యవసరం కాబట్టి దాని దగ్గర ఆగుతాను.

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ నడుమ నడుమ "ఊఁ కొట్టు" అని గద్దించేది. ఆ "ఊఁ"కు నిఘంటువులో వెతకదగ్గ అర్థమేమీ లేదు. అయినా అది ఆగితే కథ ఆగిపోయేది, ఎందుకంటే పిల్లవాడు నిద్రపోయాడన్నమాట. బుర్రకథలో వంతలు కథకుడి మాటకు మాట కలుపుతూ పోవడంలోనూ కొంత ఇదే పని ఉంది. గొడుగు, సంచీ పట్టుకుని వీధి మలుపు తిరుగుతున్న మనిషిని చూసి "బజారుకేనా?" అని అడిగేవాడికి ఆ సంగతి ముందే తెలుసు. ట్రోబ్రియాండ్ దీవుల ప్రజల మధ్య నివసించి వచ్చిన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త, మనుషులను ఒకరితో ఒకరిని ముడివేయడానికే పుట్టే ఇలాంటి మాటలకు 1923లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. ఇప్పుడు నీ తండ్రీకొడుకుల దగ్గరకు రా. రెండేళ్ల తర్వాత ఎదురుపడ్డవాళ్లు గడపలోనే మగ్గం సంగతి ఎత్తుతారా? "బస్సుకొచ్చావా?" అంటాడు తండ్రి. "బస్సుకే." "సీటు దొరికిందా?" "దొరికింది." ఈ నాలుగు మాటలూ ఎవరికీ ఏమీ తెలియజేయవు. దారి ఇంకా తెరిచి ఉందో లేదో ఇద్దరూ భయంభయంగా తట్టి చూసుకుంటున్నారు, అంతే. వాళ్లలా బస్సు గురించి మాట్లాడుకుంటుండగా, మగ్గం పోయాక మిగిలిన గుంటను పాఠకుడికి చూపించు. గుంట మగ్గం అమ్మినా గుంటను అమ్మలేరు గదా.

అర్థం మాటలోనే ఉంటుందన్న నమ్మకం నీ వాక్యాలను బిగబట్టేస్తోందని నాకనిపించింది. మన అలంకారశాస్త్రం ఈ విషయంలో ఎంతో ముందు నడిచింది. మాటకు నేరుగా ఉన్న అర్థాన్నిచ్చే శక్తి అభిధ. అది అడ్డం తిరిగినప్పుడు దగ్గరి అర్థానికి జరిపేది లక్షణ. "గంగలో గొల్లపల్లె" అన్నది దానికి శాస్త్రకారులు చెప్పే పాత ఉదాహరణ. నీటిలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున అని సరిపెట్టుకుంటాం. మరి ఒడ్డున అనే చెప్పవచ్చు గదా, ఎందుకు చెప్పలేదు? ఒడ్డున అంటే పల్లె ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది, గంగలో అంటే చల్లదనమూ పవిత్రతా కూడా వెంట వస్తాయి. ఆ వెంట వచ్చినదాన్ని అందించే శక్తి వ్యంజన. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ఇదేనన్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే కాశ్మీరంలో మమ్మటుడు "సూర్యుడు అస్తమించాడు" అన్న ఒక్క వాక్యాన్ని తీసుకుని, అది సేనాపతికి శత్రువు మీద పడే వేళ అనీ, కూలివాడికి పని చాలించే వేళ అనీ, గొల్లవాడికి ఆవులను ఇంటికి తోలే వేళ అనీ, ప్రియుడి కోసం చూసే స్త్రీకి అతడు వచ్చే వేళ అనీ, ఇలా వినేవాడిని బట్టి అర్థాలు ఎలా చీలిపోతాయో వరసగా చూపించాడు. యాకబ్సన్ వ్యాసంలోనూ దీనికి తోబుట్టువులాంటి ముచ్చట ఒకటి ఉంది. మాస్కో నాటకశాలలో వేషం కోసం వచ్చిన ఒక నటుడిని అక్కడి ప్రసిద్ధ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ "ఈ సాయంత్రం" అన్న మాటను నలభై రకాల అర్థాలు వచ్చేలా పలకమన్నాడట. ఆ నటుడే తర్వాత యాకబ్సన్ కోసం యాభై సందర్భాలు ఊహించుకుని పలికితే, విన్న మాస్కోవాసులు చాలావాటిని సరిగానే పోల్చుకున్నారట. కాశ్మీరానికీ మాస్కోకూ ఇద్దరికీ సాయంకాలమే ఎందుకు దొరికిందో నాకు తెలియదు కానీ, తలచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

రచయితకు స్వరం లేదు. నటుడు గొంతుతో చేసిన పనిని నువ్వు సందర్భంతో చేయాలి. సందర్భాన్ని సరిగా కట్టాక దాన్ని మళ్లీ విప్పి చూపకూడదు. నా ఇరవై రెండో ఏట ఒక వారపత్రికకు పంపిన కథలో, చావు జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చిన పొరుగాయన ఏం మాట్లాడాలో తోచక "బావిలో నీళ్లు బాగానే ఉన్నట్టున్నాయే" అంటాడు. అక్కడ ఆగితే బాగుండేది. ఆ మాట వెనక ఎంత దుఃఖం దాగి ఉందో వివరిస్తూ మరో పదకొండు వాక్యాలు రాశాను. సంపాదకుడు పదకొండింటినీ కొట్టేసి కథ అచ్చువేశాడు. నెల్లాళ్లు ఆయన మీద కోపంతో రగిలిపోయాను. ఆ కథ చదివినవాళ్లు ఇప్పటికీ బావినీళ్ల సంగతే ఎత్తుతారు. పదకొండు వాక్యాల ఊసు నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీ కథలో ఇలాంటి వాక్యాలు పద్నాలుగు లెక్కపెట్టాను.

తల్లి బియ్యం మాటకు వస్తాను. మా వైపు ఇంటి ఇల్లాలు బియ్యం అయిపోయాయని అనదు, "నిండుకున్నాయి" అంటుంది. దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. చేతి గాజు పగిలితే పెరిగిందంటుంది. పొలం గట్టున పాము కనబడితే పురుగంటారు. గుమ్మం దిగేవాడు వెళ్తాననడు, వెళ్లొస్తానంటాడు. ఇవి ఉట్టి మర్యాదలనుకోకు. లేమిని పేరుపెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుందన్న భయమూ, ఉందని పలికితే ఉంటుందన్న ఆశా ఆ మాటల్లో ఉన్నాయి. కొన్ని మాటలు ఉన్నదాన్ని వర్ణించవు, పలకడంతోనే పనిని జరిపేస్తాయని ఇంగ్లీషు తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డులో ఇచ్చిన ఉపన్యాసాల్లో వివరించాడు. వేలంపాటలో "మూడోసారి" అన్నాక వస్తువు చేతులు మారినట్టే. తలమీద చేయిపెట్టి "ఒట్టు" అన్నాక ఒట్టు పడ్డట్టే. ఆ ఇల్లాలు ఖాళీ డబ్బా ఎదుట నిలబడి "నిండుకున్నాయి" అన్నప్పుడు ఒక్క మాటతో మూడు పనులు చేస్తోంది. ఇంట్లో బియ్యం లేవని చెబుతోంది, తెమ్మని అడుగుతోంది, దరిద్రాన్ని గడప బయట నిలబెడుతోంది. "గొడవ మానండి" అని ఆమె చేత వేరే అనిపించనక్కర్లేదు.

మరి నిఘంటువు ఎందుకంటావా? కొత్త మాటల కోసం కన్నా, తెలిసిన మాటల పూర్వచరిత్ర కోసం తెరువు. భారతంలో ఉద్యోగ పర్వం ఉంది కానీ అందులో ఎవరూ కొలువులో చేరరు. అక్కడ ఉద్యోగమంటే యుద్ధప్రయత్నం. పాత పద్యాల్లో కంపు అంటే పరిమళం, కన్నడంలో ఇప్పటికీ అంతే. దేవుడికి చేసే సేవ కైంకర్యం, ఇవాళ పరాయి సొమ్ము కాజేయడమూ కైంకర్యమే. మాట ఎన్ని ఇళ్లు మారిందో తెలిసినవాడు దాన్ని ఎక్కడ దించాలో జాగ్రత్తపడతాడు. నీ కథకు ఇంకా దగ్గరి పుస్తకం మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో తొలి సంపుటం, చేనేత పదాలతో 1971లో రెండోది వచ్చాయి. పడుగూ పేకా, నాడే కండే అందులో దొరుకుతాయి. కానీ దొరికినవన్నీ తెచ్చి కథలో గుమ్మరించకు. నేతగాడు తన ఇంట్లో నాడెను నాడె అని వివరించి చెప్పుకోడు, "అదిలా అందుకో" అంటాడు.

ధ్వనిని గురించి నువ్వు అడగలేదు కాబట్టి ఒక్క మాటే చెబుతాను. "తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు" అన్న సామెత ఇన్ని తరాలు బతికింది అందులోని నీతి వల్లనే అయితే, అదే నీతిని వేరే మాటల్లో చెప్పి చూడు, వారం కూడా నిలవదు. రాసిన పేజీని పైకి చదువు, నాలుక తడబడిన చోట గీత పెట్టు.

కథ ప్రతిని వేరే కవరులో పంపుతున్నాను. పెన్సిలు గుర్తులన్నిటినీ నువ్వు ఒప్పుకోవాలని లేదు, మూడో పేజీలో నేను కొట్టేసిన వాక్యం మీద నాకే అనుమానంగా ఉంది. ఏడో పేజీలో "బియ్యం అయిపోయాయి" అన్నచోట సున్నా చుట్టాను కానీ, దాని పక్కన "నిండుకున్నాయి" అని రాయలేదు. అది మా వైపు మాట. మీ నాయనమ్మగారు నీ దగ్గరే ఉన్నారని రాశావు గదా. ఖాళీ డబ్బా మూత తీసి చూసి మీ ఇంట్లో ఏమనేవారో ఆవిడను అడిగి, ఆ మాటే అక్కడ వెయ్యి. నాకూ రాయి.

ఇట్లు,
మీ మాస్టారు