కంప్యూటర్ మార్చినా పోయిన పల్స్‌లు రావు

ప్రశ్న: మా ల్యాబ్‌లో గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌కి కొత్త డిజిటైజర్ (పల్స్‌లను అంకెలుగా మార్చే కార్డు) పెట్టాం. సీజియం-137 సోర్స్‌ని దగ్గరికి జరిపేకొద్దీ కౌంట్లు పెరగడం ఆగిపోతోంది, పైగా 1323 కేఈవీ (ఎనర్జీ కొలమానం) దగ్గర చిన్న పీక్ వస్తోంది. ఇంకా వేగంగా పనిచేసే కంప్యూటర్ కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, దయచేసి కొనకండి. ఇదే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. మీరు చూస్తున్నది సీజియం ఇచ్చే 662 కేఈవీ పల్స్‌లు రెండు ఒకదానిమీద ఒకటి పడి ఒకటిగా లెక్కకు రావడం, అంటే పైలప్. కొత్తవాళ్లు దాన్ని కోబాల్ట్-60 ఇచ్చే 1332 అనుకుని కంగారు పడతారు. జెర్మేనియంలో ఆ 9 కేఈవీ తేడా తెలుస్తుంది కానీ సోడియం అయోడైడ్ డిటెక్టర్‌లో అయితే రెండూ కలిసిపోతాయి.

సెకనుకు లక్ష పల్స్‌లంటే సగటున 10 మైక్రోసెకన్లకు ఒకటి, కానీ అవేమీ క్యూ కట్టి రావు. ఒక్కో పల్స్ ఎత్తు కొలవడానికి కార్డులోని ఫిల్టర్ 10 మైక్రోసెకన్లు తీసుకుంటే, ఈలోగా ఇంకోటి రాకుండా ఉండే అవకాశం 37 శాతమే. ఆ ఫిల్టర్ (ట్రెపిజాయిడ్ ఫిల్టర్ అంటారు) రైజ్ టైమ్ తగ్గించి, కలిసిపోయిన పల్స్‌లను వదిలేసే పైలప్ రిజెక్షన్ ఆన్ చేయండి. రిజల్యూషన్, అంటే దగ్గరి ఎనర్జీలను విడదీసి చూపే శక్తి, కొంత దెబ్బతింటుంది, తప్పదు. పూర్తి వేవ్‌ఫామ్ (సిగ్నల్ ఆకారం మొత్తం) కంప్యూటర్‌కి పంపే మోడ్ కూడా ఆపేయండి: సెకనుకు 10 కోట్ల శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు, ఒక్క ఛానెల్‌కే 200 మెగాబైట్లు అవుతుంది, గిగాబిట్ కేబుల్‌లో పట్టేది 125. ఎనర్జీ, టైమ్ లెక్క కార్డులోని ఎఫ్‌పీజీఏ చిప్‌లోనే తేలిపోవాలి.

నాకు అసలు భయం ఇక్కడే. కార్డు వద్దని వదిలేసిన పల్స్ ఎక్కడా సేవ్ అవదు, తర్వాత ఎంత వెతికినా దొరకదు. అలాంటి కార్డుని అందరూ వాడే నెట్‌వర్క్‌కి తగిలించి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వదిలేస్తారేంటండీ! ఎవరో థ్రెషోల్డ్ (పల్స్‌ని లెక్కలోకి తీసుకునే కనీస హద్దు) కాస్త పెంచితే చాలు, తక్కువ ఎనర్జీ పల్స్‌లన్నీ మాయం, ఎర్రర్ మెసేజ్ ఒక్కటి రాదు, స్పెక్ట్రమ్ (ఏ ఎనర్జీకి ఎన్ని కౌంట్లో చూపే గ్రాఫ్) మాత్రం చక్కగానే కనిపిస్తుంది. రన్ మధ్యలో తనంతట తనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకుని సెట్టింగ్స్‌ని మొదటికి తెచ్చే పరికరాలంటే నాకు ఒళ్లు మండుతుంది, కొలత పరికరానికి ఆ అలవాటు ఉండనే కూడదు. డెడ్ టైమ్‌ని, అంటే కార్డు కొత్త పల్స్‌ని లెక్కపెట్టలేని సమయాన్ని, నాలుగు మెనూల లోపల దాచే సాఫ్ట్‌వేరూ అంతే, అది స్క్రీన్ మీద ఎప్పుడూ కనపడాల్సిన అంకె.

కార్డుకి విడిగా నెట్‌వర్క్ పెట్టండి, ఆటో అప్‌డేట్ ఆపండి, ప్రతి రన్‌తో పాటు సెట్టింగ్స్ ఫైలూ సేవ్ చేయండి. డిటెక్టర్ సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్‌కి, పల్సర్ (పరీక్ష పల్స్‌లు ఇచ్చే పరికరం) నుంచి సెకనుకు 50 పల్స్‌లు ఇచ్చి స్పెక్ట్రమ్‌లో ఎన్ని మిగిలాయో చూడండి. 35 మాత్రమే వస్తే, మీ కౌంట్లలోనూ దాదాపు 30 శాతం పోతున్నట్టే.