బంగారు రేణువులతో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను కాల్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. బంగారు నానో రేణువులు ఎక్కించి లేజర్‌తో కణితిని మాత్రమే కాల్చేస్తారని విన్నాం. నిజమేనా? ఒళ్లంతా వేడెక్కదా? ఆయనకు చేయించవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో నవోమి హలాస్, జెనిఫర్ వెస్ట్ బృందాల పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది. రేణువు లోపల సిలికా (ఇసుకలో ఉండే పదార్థం), పైన పలుచని బంగారు పూత, మొత్తం వ్యాసం సుమారు 150 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు). పూత మందం మారితే అది పీల్చుకునే కాంతి కూడా మారుతుంది. ఇక్కడ వాడేది 810 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న, కంటికి కనిపించని పరారుణ కాంతి. రక్తం, నీరు దాన్ని పెద్దగా పీల్చుకోవు. అందుకే ఒళ్లంతా వేడెక్కదు. రేణువులు పేరుకున్న చోట కాంతి పడితేనే బాగా వేడి పుడుతుంది.

ముందు రోజు రేణువులను సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. కణితిలోని రక్తనాళాల గోడలు సందులతో ఉంటాయి కాబట్టి అక్కడ బయటికి జారి నిలుస్తాయి. మర్నాడు ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ చిత్రాలను జోడించి చూసుకుంటూ సన్నని లేజర్ ఫైబర్‌ను కణితిలోకే దించుతారు. బయటి నుంచి వేసిన కాంతి అంత లోతుకు చేరదు మరి. వేడి 60 డిగ్రీలకు చేరితే కోడిగుడ్డు తెల్లసొనలా కణాల్లోని ప్రొటీన్లు గడ్డకట్టి, కణాలు చచ్చిపోతాయి.

చిక్కంతా అంచుల దగ్గరే. పక్కన పెద్ద రక్తనాళం ఉంటే ప్రవహించే రక్తం వేడిని లాక్కుపోతుంది, అక్కడ క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. వేడి మరీ పెరిగితే మలాశయానికి, ప్రోస్టేట్ గుండా వెళ్లే మూత్రమార్గానికి దెబ్బ. ఇంకో సంగతి, ఎక్కించిన రేణువుల్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహమే పట్టేస్తాయి. ఇంత పెద్ద రేణువులను కిడ్నీలు వడకట్టి బయటికి పంపలేవు.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో 16 మందిపై చేసిన ట్రయల్ (ప్రయోగ పరీక్ష) ఫలితాలు 2019లో వచ్చాయి. 15 మందికి చికిత్స పూర్తయింది. ఆశ కలిగించే ఫలితమే కానీ సంఖ్య చాలా చిన్నది. పైగా వాళ్లందరిదీ ప్రోస్టేట్ గ్రంథి దాటని క్యాన్సర్. ఎముకలకు పాకితే ఇది పనికిరాదు.

కాబట్టి ముందు నాన్నగారి పీఎస్ఏ (ప్రోస్టేట్‌కు సంబంధించిన రక్తపరీక్ష), గ్లీసన్ స్కోరు (బయాప్సీలో తేలే క్యాన్సర్ తీవ్రత), ఎంఆర్ఐ రిపోర్టులతో యూరాలజిస్టును, రేడియేషన్ ఆంకాలజిస్టును కలవండి. ఆపరేషన్, రేడియేషన్, కొందరికి కేవలం గమనిస్తూ ఉండటం, ఇవి ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచినవి. వాటిని వాయిదా వేసి దీనికోసం ఎదురుచూడొద్దు. ఎవరైనా 'బంగారు చికిత్స' అంటూ లక్షలు అడిగితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు నంబరు చూపించమనండి. చూపించకపోతే డబ్బు కట్టకండి.