దుమ్ముగూడెం వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు కృపవల్ల మేమిద్దరం క్షేమం.

మీ కాలేజీ ప్రార్థనా బృందం మే నెలలో చేయబోయే పదిహేను రోజుల మిషన్ ట్రిప్ కార్యక్రమ పట్టిక అందింది, రెండుసార్లు చదివాను. మొదటి రోజు సాయంత్రమే మైకు పెట్టి కూడిక, రెండో రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఇంటింటి సువార్త, పది గంటలకు పిల్లలకు విబిఎస్ (సెలవుల బైబిలు బడి), రాత్రికి సాక్ష్యాలు. పట్టికను శ్రద్ధగానే వేశారు, కాని అందులో ఊరివాళ్లకు చోటు లేదు. చివరి పది రోజుల గురించి నేనేమీ అనను, వాటిని మీ పాస్టరుగారే చూసుకుంటారు. మొదటి మూడు నాలుగు రోజుల విషయంలో మాత్రం, ఒకప్పుడు అదే ప్రాంతంలో అదే పొరపాటు చేసినవాడిగా, నీకు కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

దాదాపు నలభై ఏళ్ల కిందట మేము పదకొండు మందిమి రైలు దిగాము. భద్రాచలం రోడ్డు అని పేరున్న ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడినుంచి భద్రాచలానికి ఇంకా 40 కిలోమీటర్ల దూరం ఉందని మాలో సగం మందికి తెలియదు. మా తయారీ ఏపాటిదో దీన్నిబట్టే గ్రహించవచ్చు. మరునాడు ఉదయం కరపత్రాలు పట్టుకొని గూడెంలోకి వెళ్తే ప్రతి ఇంట్లోనూ ముసలివాళ్లు, చంటిపిల్లలు తప్ప ఎవరూ కనిపించలేదు. సాయంత్రం కంజర వాయించి గంటసేపు కీర్తనలు పాడితే వచ్చినవాళ్లు ఎనిమిది మంది. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చొని, ఇక్కడివారి హృదయాలు చాలా కఠినంగా ఉన్నాయి, వీరి కొరకు ప్రార్థించండి అని మా సంఘానికి ఉత్తరం రాసినవాణ్ణి నేనే. ఆ వాక్యం గుర్తుకొస్తే ఇప్పటికీ తల వంచుకుంటాను.

నాలుగో రోజున, మాకు ఆశ్రయమిచ్చిన వృద్ధ ఉపదేశిగారు మెల్లగా అడిగారు: "బాబూ, ఇది తునికాకు కాలమని, బీడీలు చుట్టే ఆకు కోసే రోజులని మీకెవరూ చెప్పలేదా?" ఏప్రిల్ ద్వితీయార్ధం నుంచి మే వరకు అక్కడి కుటుంబాలు తెల్లవారకముందే, మూడు నాలుగు గంటలకే లేచి అడవికి వెళ్తాయి. ఎండ ముదిరేలోగా ఆకు కోసుకొని, మూటలు నెత్తిన పెట్టుకొని తిరిగి వచ్చి, గంజి తాగి, పిల్లాపెద్దా అందరూ నీడన కూర్చొని ఆకును కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేర్చాలి. కట్టకు 50 ఆకులుండాలి. ఏడాదిలో చేతికి రొక్కం కనిపించే రోజులు ఆ కొద్ది వారాలే. అలాంటి సమయంలో వాళ్లు మా పాటలు వినలేదని మేము నొచ్చుకున్నాము!

ఆ మధ్యాహ్నం మేము కరపత్రాలు పక్కన పెట్టి ఒక ముసలమ్మ చుట్టూ కూర్చొని ఆకులు కట్టడానికి ప్రయత్నించాము. నేను కట్టిన మొదటి నాలుగు కట్టలనూ ఆమె ఒక్క మాటైనా అనకుండా విప్పి, ఆకులు సరిచేసి, మళ్లీ తానే కట్టింది. చుట్టూ ఉన్న పిల్లలు పడిపడి నవ్వారు. మీరెవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని ఆ గూడెం మమ్మల్ని మొదటిసారిగా అడిగింది ఆ సాయంత్రమే.

అందుచేత నా సలహా, మొదటి మూడు రోజుల గళ్లను ఖాళీగా వదిలిపెట్టమని. లూకా పదో అధ్యాయం మీ బృందంతో కలిసి మరొకసారి నిదానంగా చదువు. ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు, ముందు ఆ ఇంటికి సమాధానం చెప్పమన్నాడు, తరువాత అక్కడే ఉండి వాళ్లు పెట్టింది తినమన్నాడు, రోగులను స్వస్థపరచడం, రాజ్యాన్ని ప్రకటించడం ఆ తరువాతి మాటలు. వాళ్ల ఇంట తినేది ముందు, ప్రకటించేది తరువాత అన్న ఈ వరసను మనవాళ్లు ప్రసంగాల్లో అంతగా పట్టించుకోరు.

చేరిన రోజునే పాస్టరుగారిని వెంటబెట్టుకొని ఊరి పెద్దను, సర్పంచును కలిసి, ఎంతమంది వచ్చారు, ఎక్కడ పడుకుంటారు, ఎన్నాళ్లుంటారు అన్నది మీ నోటితోనే చెప్పండి. అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం, అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టంవల్ల గ్రామసభ మాటకు బలం ఉంది. చట్టం లేకపోయినా అతిథి చేయవలసిన పని అదే. పోలీసు స్టేషనులో కూడా ముందే తెలియజేయడం మంచిది. చర్ల వైపు వెళ్లినప్పుడు అవతలి గూడేలవారు పిలిచినా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటవద్దు; బలవంతంగానో ఆశ చూపో మతం మార్పించడాన్ని నేరంగా చూసే, మధ్యప్రదేశ్ 1968లో చేసిన మతస్వాతంత్ర్య చట్టాన్ని ఆ రాష్ట్రం వారసత్వంగా తీసుకుంది, మీ ఉత్సాహానికి శిక్ష పడేది అక్కడి విశ్వాసులకు.

ఆ నేలకు సువార్త తొలిసారి మోసుకెళ్తున్నది మీరేనని మాత్రం అనుకోకండి. 1860 ప్రాంతంలో గోదావరి మీద పడవల మార్గం పనులకు వచ్చిన హేగ్ అనే ఇంజనీరు చొరవతో దుమ్ముగూడెంలో కోయ గిరిజనుల మధ్య పరిచర్య మొదలైంది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడే ఏళ్ల తరబడి నివసించి, కోయల ఆచారాలను, కథలను, పెళ్లి పద్ధతులను ఎంత ఓపికగా విని రాసుకున్నాడంటే, 1909లో థర్‌స్టన్ అనే ఆంగ్ల పరిశోధకుడు దక్షిణ భారత కులాలు, తెగల గురించి ప్రచురించిన సంపుటాలలో కోయలపై ఉన్న భాగంలో చాలామటుకు ఆయన రాతలే కనిపిస్తాయి. ఆయనకు చాలా ఏళ్లు పట్టిన పనిని మీరు పదిహేను రోజుల్లో చేయలేరు, కాని ఒక చిన్న నోటు పుస్తకం వెంట ఉంచుకొని రోజుకు పది కోయమాటలు అడిగి రాసుకోవచ్చు. వాళ్లు నీళ్లను ఏరు అంటారు. మనకు ఏరు అంటే వాగు కనుక, దాహమేసి నీళ్లడిగిన మా మిత్రుడు ఆ మాట విని వాగు ఎంత దూరమని అడిగాడు, ముంత అతని ముందే ఉంది.

పిల్లల విషయంలో జాగ్రత్త అవసరం. తల్లిదండ్రులను అడగకుండా ఏ పిల్లనూ విబిఎస్‌కు తీసుకురాకండి. అడవికి వెళ్లిన తల్లి తిరిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించు. తరగతులు సాయంత్రానికి మార్చుకోండి. బిస్కట్లు, బట్టలు, పలకలు పంచి జనాన్ని కూర్చోబెట్టే పద్ధతిని నేను ఎన్నడూ ఇష్టపడలేదు. ఇవ్వదలచినది ఏదైనా ఉంటే బడికో, అంగన్‌వాడీకో పేరు చెప్పుకోకుండా ఇచ్చి రండి. గుడిసెల ముందు నిలబెట్టి ఫోటోలు తీయకండి. జ్వరంతో ఉన్న బిడ్డ కొరకు ప్రార్థించమని ఎవరైనా అడిగితే తప్పక ప్రార్థించండి, కాని ఆ బిడ్డను వెంటనే ఆశా కార్యకర్త దగ్గరికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లి మలేరియా పరీక్ష చేయించే బాధ్యత కూడా మీదే. ప్రార్థన చేశాము కనుక మందు వద్దని మీలో ఎవరైనా అంటే, ఆ వ్యక్తిని మరునాటి బస్సుకు ఇంటికి పంపించు.

తిండి సంగతి చెప్పేదేముంది, పెట్టింది తినండి. కల్లు ఇస్తే చేతులు జోడించి వద్దనండి. అందుకు ఒక ప్రసంగం జోడించనక్కరలేదు. నీళ్లు కాచి తాగండి, దోమతెర లేకుండా పడుకోకండి, పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో తిరగకండి.

ఇక మీలో మీకు వచ్చే గొడవ సాధారణంగా మూడో రోజున వస్తుంది, అదీ వంట దగ్గరే. మా బృందంలో అమ్మాయిలు పొయ్యి దగ్గర చెమటలు కారుస్తుంటే మేము చెట్టు కింద కూర్చొని సేవాభారం గురించి చర్చించుకునేవాళ్లం. నీవు లీడరువు కనుక మొదటి రాత్రే అంట్లు తోమే వంతు మగపిల్లలకు వెయ్యి, సాక్ష్యం చెప్పే వంతు అమ్మాయిలకు వెయ్యి. అలిగినవాడు రెండు రోజులకు సర్దుకుంటాడు.

మీ పెద్దమ్మ మామిడికాయ ముక్కల సీసా, రెండు దోమతెరలు సిద్ధం చేసింది. ఆదివారం ఆరాధన తరువాత వచ్చి తీసుకెళ్లు. అక్కడ చేరాక తీరిక చూసుకొని నాకు ఒక్క ఉత్తరం రాయి. ఎంతమంది వచ్చారన్న లెక్క నాకు వద్దు. నీవు కట్టిన తునికాకు కట్టను ఆ ఊరి ముసలమ్మలు విప్పకుండా ఉంచారా లేదా, అది రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న