సంక్రాంతికి కోనసీమ వస్తున్నాం, కాలువ గట్టున పక్షులు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారిని తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. మా మావయ్యగారికీ మోకాళ్ళ నొప్పులే. కిందటి జనవరిలో ఆయన్ని పి.గన్నవరం తీసుకెళ్ళాను. మొత్తం నడిచింది కిలోమీటరు కూడా ఉండదు. అయినా నేనొక్కణ్ణే వెళ్ళిన రోజులకంటే ఆ రోజే ఎక్కువ చూశాను. ఆయన పదడుగులకోసారి ఆగి కూర్చోవడం వల్లే అది కుదిరింది. మనం కదలకుండా ఉంటే పిట్టలు మన ముందుకే వస్తాయి.

అక్కడ గోదావరి పాయ అయిన వైనతేయ నది మీదుగా కాలువ దాటుతుంది. కాటన్ దొర నాటి 49 ఆర్చిల పాత అక్విడెక్టు (కాలువ వంతెన), దాని పక్కన డొక్కా సీతమ్మ గారి పేరు మీద కట్టిన కొత్తది కనిపిస్తాయి. వాటిని చూసేసి, జనం తక్కువగా ఉండే గట్టు మీదకి వెళ్ళండి. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు కాబట్టి డిసెంబరు, జనవరి నెలలే మంచివి. దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, నీళ్ళుంటాయి, పక్కనే చేలల్లో దమ్ము (నాట్లకి ముందు బురద దున్నడం) జరుగుతుంటుంది. ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు వరసగా నడుస్తూ, తిరగబడ్డ బురదలోంచి పురుగుల్నీ కప్పపిల్లల్నీ ఏరుకుంటాయి. కరెంటు తీగల మీద వానకోవిలలు బారులు తీరి ఉంటాయి. చలికాలానికి ఉత్తరం వైపు నుంచి వచ్చేవే అవి.

పొద్దున్నే వెళ్ళండి కానీ మంచు విడిచేదాకా తొందరపడకండి. ఆ రోజు ఏడున్నర దాకా అవతలి గట్టు కూడా కనపడలేదు. మంచు పలచబడేసరికి తెలుపూ నలుపూ కలిసిన లకుముకి పిట్ట ఒకటి నీళ్ళపైన గాల్లో ఒకేచోట నిలబడిపోయింది. రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, తల మాత్రం కదలదు, ముక్కు నిలువుగా కిందికి. రెండుసార్లు దూకి ఉత్తినే లేచింది. మూడోసారి వెండిరంగు చేపపిల్లతో వచ్చి కర్ర మీద వాలి, దాన్ని అటూ ఇటూ కొట్టి తలవైపు నుంచి మింగింది. మావయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "చూశావా, చూశావా" అంటూనే ఉన్నారు.

గుడ్డికొంగని కూడా ఆయనే చూపించారు. గడ్డిలో మట్టిరంగులో కలిసిపోయి, మనం దగ్గరికెళ్ళేదాకా కదలదు. ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. అలాంటిదే ఒకటి చేపల చెరువు మీద కట్టిన నైలాను తాడులో చిక్కుకుని వేలాడుతూ కనిపించింది. చెరువు కాపలా అబ్బాయిని పిలిచి, తువ్వాలు కప్పి, మెల్లగా తాడు కోశాం. రెక్క ఒరుసుకుపోయింది కానీ ఎగిరింది. అప్పట్నుంచి సంచిలో చిన్న కత్తెర పెట్టుకుంటున్నాను. మీరూ పెట్టుకోండి, గట్టున దారాలు కనపడితే ఏరి తెచ్చేయండి.

బైనాక్యులర్స్ 8x40 చాలు. మట్టిరంగు బట్టలు వేసుకోండి, ఎండ వీపు వైపు ఉండేలా నడవండి. నాన్నగారికి మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ మరిచిపోవద్దు. పేర్లు తెలియని పిట్టలకు మెర్లిన్ యాప్ పనికొస్తుంది, కానీ ముందు నాన్నగారినే అడగండి. గూడబాతులు (పెలికాన్లు) చూడాలంటే మాత్రం కైకలూరు దగ్గర ఆటపాకకి వేరే రోజు పెట్టుకోండి, రెండూ ఒకే రోజు వద్దు.