కీ పెట్టినా ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడుగుతుంటే

ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) కోసం పబ్లిక్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే కీల జతలో సర్వర్‌కు ఇచ్చేది) సర్వర్‌లోకి కాపీ చేశాక కూడా పాస్‌వర్డ్ అడుగుతోందంటే, తప్పు చాలావరకు కీలో ఉండదు, సర్వర్‌లోని పర్మిషన్లలో ఉంటుంది.

1. సర్వర్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700 (పూర్తి అనుమతి మీకు మాత్రమే), అందులోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కు 600 (చదవడం, మార్చడం మీకు మాత్రమే) పర్మిషన్ ఇవ్వండి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు చూడాల్సింది హోమ్ డైరెక్టరీ, అంటే సర్వర్‌లో మీ యూజర్ సొంత ఫోల్డర్. దానికి 775 గానీ 777 గానీ ఉంటే, గ్రూప్‌లో వేరేవాళ్లు మీ కీ ఫైల్‌నే మార్చేయగలరు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్స్ అనే సెట్టింగ్ మీ కీని పట్టించుకోదు. మీ స్క్రీన్ మీద కారణం కూడా కనిపించదు, సర్వర్ లాగ్‌లో మాత్రం ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఉంటుంది. హోమ్ డైరెక్టరీని 755కి (మార్చే అనుమతి మీకు మాత్రమే) మార్చండి.

3. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను రూట్‌గా (అడ్మిన్ ఖాతాతో) సృష్టించి ఉంటే, ఓనర్‌ను మీ యూజర్‌కు మార్చండి.

పని అయ్యేదాకా పాత సెషన్ మూసేయకండి.