కొత్తగా టీమ్ లీడ్ అయిన మేనకోడలికి

బిడ్డా,

నువ్వు టీమ్ లీడ్ అయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. 2023 అక్టోబరులో నల్గొండలో ఐటీ హబ్ తెరిచినప్పుడు, మన పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలని మురిసిపోయాం. ఇప్పుడేమో వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. ఇద్దరైతే హైదరాబాద్ నుంచే చేస్తారట. "ఇంట్ల ఉన్నోళ్లు పని చేస్తున్నరో లేదో ఎట్ల తెలుస్తది మామా?" అని కదా నీ టెన్షన్!

చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోందా అని చూస్తూ కూర్చోకు. అది ఆరకుండా చూసుకోవడం పిల్లలకు తెలియని విద్యేం కాదు. సోమవారం పొద్దున్నే ఎవరు ఏం చేయాలో, ఎప్పటికల్లా ఇవ్వాలో రాసి పెట్టు. చేతికొచ్చిన పనిని చూసి మాట్లాడు. ట్రిప్.కామ్ అనే చైనా కంపెనీలో 1,612 మంది మీద ఆరు నెలలు పరీక్షించి చూశారు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడోవంతు తగ్గారు, ముఖ్యంగా ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. దేవరకొండ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి నీ టీమ్‌లోనే ఉంది కదా, నీకు వేరే చెప్పాలా?

అసలు చిక్కు చాయ్ దగ్గర వస్తుంది. ఆఫీసుకొచ్చిన నలుగురు కిందికి దిగి, "రిపోర్టు శుక్రవారం దాకా ఎందుకు, బుధవారమే పంపిద్దాం" అనుకుంటారు. పైకొచ్చి ఎవరి పనిలో వాళ్లు పడతారు. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికి ఆ మాట చేరదు. బుధవారం సాయంత్రం అతని భాగం రాలేదని గోల. "ఇంట్లో ఉంటే ఇంతే" అని పేరు. పాపం, అతని తప్పేముంది? చాయ్ మానమని చెప్పను, నల్గొండలో అది అయ్యే పని కాదు. కానీ ఏదైనా నిర్ణయమైతే పైకి రాకముందే గ్రూపులో రెండు లైన్లు పడాలి: ఏం మారింది, ఎవరు చేయాలి, ఎప్పటికి. మొదట్లో నువ్వే రాయి, చూసి వాళ్లూ నేర్చుకుంటారు.

మీటింగులో ముందు స్క్రీన్ మీద ఉన్నవాళ్లను మాట్లాడించు. గదిలో ఉన్నవాళ్లు ఎట్లాగూ ఆగరు. కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకు, రెండు గదుల ఇళ్లల్లో వెనకాల ఎవరెవరు తిరుగుతుంటారో మనకేం తెలుసు.

ఆఫీసుకొచ్చే ఆ మూడు రోజులూ అందరికీ అవే ఉండేట్టు పెట్టు. తలా ఒక రోజు వచ్చి, హెడ్‌సెట్ పెట్టుకుని ఇంట్లో చేసే పనే చేస్తే బస్సు ఛార్జీ దండగ.

అప్రైజల్‌లో ఒక్కొక్కరి పనితీరు లెక్కగట్టేటప్పుడు రోజూ ఎదురుగా కనిపించినవాళ్లే ముందు గుర్తొస్తారు. అందుకే నెలనెలా అందరి గురించీ నాలుగు ముక్కలు రాసి పెట్టుకో.

హైదరాబాద్‌లో ఉన్న ఆ ఇద్దరినీ నెలకోసారి నల్గొండకు పిలిపించు, వంద కిలోమీటర్లే కదా. ఆ రోజు రివ్యూలు పెట్టకుండా అందరూ కలిసి భోంచేయండి. రాకపోకల ఖర్చు కంపెనీయే ఇచ్చేటట్టు హెచ్‌ఆర్‌తో ఇప్పుడే మాట్లాడి, మెయిల్‌లో రాయించుకో. తర్వాత అడిగితే బడ్జెట్ లేదంటారు.

మీ మామ