వాతావరణ మార్పు వల్ల హరికేన్ల సంఖ్య పెరుగుతోందా?

సంఖ్య పెరిగిందని గట్టిగా చెప్పలేం. పెరుగుతున్నది వాటి బలం.

ప్రపంచం మొత్తం మీద ఏటా 80 నుంచి 90 వరకు ఉష్ణమండల తుపాన్లు వస్తాయి (వాటిలో అట్లాంటిక్, తూర్పు పసిఫిక్‌లలో వచ్చే బలమైన వాటినే హరికేన్లు అంటారు). దశాబ్దాలుగా ఈ లెక్కలో పెద్ద తేడా లేదు. అయితే వాటిలో 3వ కేటగిరీ (గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 వరకు ఇచ్చే స్థాయి), అంతకు మించిన తీవ్రమైన వాటి వాటా గత నలభై ఏళ్లలో పెరిగి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది.

కారణం సముద్రపు వేడి. హరికేన్‌కు ఇంధనం అదే. నీరు ఎంత వెచ్చగా ఉంటే తుపాను అంత బలం పుంజుకోగలదు, అదీ ఒక్కోసారి గంటల వ్యవధిలోనే. పైగా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, కాబట్టి వాన కూడా కుండపోతే. 2017లో హార్వీ అనే హరికేన్ వల్ల అమెరికాలోని టెక్సస్‌లో కొన్నిచోట్ల 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. నిజం చెప్పాలంటే గాలి కన్నా నీళ్లతోనే ఎక్కువ టెన్షన్.

మరి అట్లాంటిక్‌లో 1980ల నుంచి హరికేన్లు పెరిగాయి కదా అంటారా? పెరిగాయి. కానీ అందులో కొంత, గాలిలో కాలుష్య కణాలు తగ్గి సముద్రానికి ఎండ ఎక్కువగా తగలడం వల్ల. ఉపగ్రహాలు రాకముందు నడిసముద్రంలో పుట్టి అక్కడే ఆగిపోయిన తుపాన్లు చాలావరకు ఎవరి లెక్కలోకీ రాలేదు, అందుకే పాత రికార్డులతో పోలిక అంత తేలిక కాదు.